ఆంధ్ర క్రికెట్ జట్టు అభ్యుదయము

ఖరగ్‌పూరు పట్టణమునకు రైలుమార్గమే జన్మకారణము. బెంగాల్-నాగపూర్ రైల్వే వారు పందొమ్మిదవ శతాబ్దపు చివర ఈ నేలపై జంక్షను నిర్మించి, కర్మాగారమును నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు పొట్ట చేతబట్టుకొని ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. ఈ జంక్షను నుండి పడమటగా పోయెడు దారి నాగపూరు చేరును. దక్షిణముగా పోయెడు దారి విజయనగరము మీదుగా వాల్తేరు చేరును. భారత క్రికెట్ జట్టునకు టెస్టు పోటీలలో నాయకత్వము వహించిన మొదటి ఇద్దరును ఈ రెండు దారులలోని ఊళ్ల పేర్లతో ముడివడినవారే. ఒకరు నాగపూరులో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు. రెండవవారు విజయనగర రాజకుమారుడు పూసపాటి విజయానంద గజపతిరాజు. ఇద్దరును తెలుగువారే.

భారతదేశము ఆడిన మొదటి 7 టెస్టులకు నాయకులు వీరిద్దరే. 1932లో ఒకటి, 1933-34లో మూడు నాయుడుగారి నాయకత్వమున జరుగగా, 1936లో మూడు విజయనగర రాజకుమారుని నాయకత్వమున జరిగెను. అయినను ఆనాడు ఆంధ్రుల పేర క్రికెట్ జట్టు లేదు. దేశమునకు నాయకులను ముందుగా ఇచ్చిన జాతి తన జట్టును ఇంత ఆలస్యముగా కట్టుకొనుటకును, కట్టుకొన్న జట్టు తలయెత్తుటకు అర్ధశతాబ్దము పట్టుటకును కారణమేమి? ఒక మనిషి వెలుగుటకు ప్రతిభ చాలవచ్చును. జట్టు నిలుచుటకు మాత్రము మైదానము, పోషణ, ఉద్యోగము, ఓర్పుగల నిర్వాహకవర్గము కావలెను. ఆంధ్ర క్రికెట్ చరిత్ర యంతయు ఈ సత్యమునకు వ్యాఖ్యానమే.

నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించిరి. వారి కుటుంబమునకు మచిలీపట్టణమున మూలములు కలవు. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానమున ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఇంగ్లీషు జట్టుపై, హిందువుల జట్టు తరఫున ఆయన రెండు గంటలలోపుననే 153 పరుగులు చేసిరి. వానిలో 11 సిక్సర్లు, 13 ఫోర్లు ఉండెను. చూడవచ్చిన జనము చెట్లపైకిని, ఇండ్ల కప్పులపైకిని ఎక్కిరని చెప్పుదురు. ఆ పర్యటనానుభవముతో గిల్లిగన్ భారతీయులు టెస్టు పోటీలకు అర్హులని అభిప్రాయపడెను. దేశము మొత్తమునకు ఒక సంస్థ అవసరమని ప్రోత్సహించినవారిలో ఆయన యొకడు. 1928 డిసెంబరులో క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడెను. ఒక్క ఆటగాని ప్రతాపము సంస్థ పుట్టుటకు దోహదమైనదనుటకు ఇది నిదర్శనము.

1932 జూన్ 25న లండనులోని లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు ఆడెను. పర్యటనకు పోర్‌బందర్ మహారాజు నాయకుడు. ఆయన తన ఆట అంతటి పోటీకి చాలదని గ్రహించి తప్పుకొనెను. ఉపనాయకుడైన లింబ్డి రాజకుమారునకు గాయమైయుండెను. అందువలన నాయకత్వము నాయుడుగారికి వచ్చెను. ఆట ప్రారంభమైన కొలదిసేపటికే ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయెను. మహమ్మద్ నిస్సార్ ఆ ఇన్నింగ్సులో 5 వికెట్లు తీసెను. క్యాచి పట్టబోయి చేతికి దెబ్బ తగిలినను నాయుడుగారు బ్యాటు పట్టి 40 పరుగులు చేసిరి. మొదటి ఇన్నింగ్సులో భారతపక్షమున అదియే అత్యధికము. 158 పరుగుల తేడాతో భారతదేశము ఓడిపోయినను, పరాధీనమైన దేశమొకటి పాలకుల ఇంటి ముంగిట సరిసమానముగా నిలిచి ఆడగలదని లోకమునకు తెలిసెను. ఆ పర్యటనలోని ప్రథమశ్రేణి పోటీలలో నాయుడుగారు 1618 పరుగులు చేసిరి. మరుసటి సంవత్సరము విజ్డెన్ గ్రంథము ఆయనను ఆ యేటి ఉత్తమ క్రీడాకారులలో ఒకరుగా గుర్తించెను. సరిగా 51 సంవత్సరముల తరువాత, 1983 జూన్ 25న, అదే మైదానమున భారతదేశము ప్రపంచ కప్పు గెలుచుకొనుట చరిత్రలోని యొక విచిత్ర సన్నివేశము.

విజయనగర రాజకుమారుని కథ వేరు. ఆయన గొప్ప ఆటగాడు కాడు. గొప్ప పోషకుడు. 1930-31లో ఇంగ్లండునకు చెందిన జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను రప్పించి తన జట్టులో ఆడించెను. 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టునకు ఆయన నాయకుడగుటకు ఆట కంటె పలుకుబడియే ముఖ్యకారణమని చరిత్రకారులు వ్రాసిరి. ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టునకు ముందే స్వదేశమునకు తిప్పిపంపుట పెద్ద వివాదమయ్యెను. మూడు టెస్టులలో రెండు ఓడి ఒకటి సమము చేసుకొనిరి. నాయుడుగారు ఆ జట్టులో సామాన్య సభ్యునిగా ఆడిరి. అట్లని రాజకుమారుని సేవను తక్కువ చేయరాదు. 1954 నుండి కొంతకాలము నియంత్రణ మండలి అధ్యక్షుడుగా పనిచేసి, తరువాత విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికై, 1965లో మరణించువరకు ఆయన క్రికెట్టును విడువలేదు.

అది సంస్థానాధీశుల పోషణపై ఆట నడచిన కాలము. పోషకుడున్నచోటికి ఆటగాడు పోవలసినదే. నాయుడుగారిని హోల్కార్ ప్రభువులు ఇందూరునకు పిలిపించుకొనిరి. ఆయన నాయకత్వమున హోల్కార్ జట్టు నాలుగుమారులు రంజీ ట్రోఫీ గెలిచెను. విజయనగర రాజకుమారుడు కాశీలో నివసించుచు సంయుక్త రాష్ట్రముల క్రికెట్టునకు పెద్దదిక్కయ్యెను. ఇట్లు తెలుగు ప్రతిభయు, తెలుగు ధనమును ఇతర ప్రాంతములకు ఉపయోగపడెను.

ఇక తెలుగుదేశమున నున్న ఆటగాండ్ర గతి యేమి? కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగములు. 1934 నవంబరు 4న చేపాకులో మద్రాసునకు మైసూరునకు మధ్య రంజీ ట్రోఫీ చరిత్రలోనే మొదటి పోటీ ప్రారంభమై ఒక్కరోజులో ముగిసెను. నాటి నుండి దాదాపు ఇరువదేండ్లు గుంటూరు కుఱ్ఱవాడైనను, కాకినాడ కుఱ్ఱవాడైనను పెద్ద ఆట ఆడవలెనన్న మద్రాసు జట్టు తలుపు తట్టవలసినదే. నిజాము రాజ్యమున పరిస్థితి మెరుగు. అచట మొయినుద్దౌలా బంగారు కప్పు పోటీలకు దేశపు మేటి ఆటగాండ్రు వచ్చెడివారు. 1937-38లో హైదరాబాదు జట్టు నవానగర్‌ను ఒక్క వికెట్టు తేడాతో ఓడించి రంజీ ట్రోఫీ గెలిచెను. ఎడుల్జీ ఐబారా అజేయ శతకము ఆ విజయమునకు మూలము.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. ఆ సంవత్సరమే ఆంధ్ర క్రికెట్ సంఘము ఏర్పడి, 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగెను. రాష్ట్రమునకు ఇంకను స్థిరమైన రాజధాని లేదు. కర్నూలులో గుడారములలో కచేరీలు నడచుచుండెను. అట్టి పసికందు రాష్ట్రపు జట్టునకు నాయకత్వము వహించుటకు వచ్చినవారు మరెవరో కాదు, కొఠారి కనకయ్య నాయుడుగారే. అప్పటికి ఆయన వయస్సు 58 సంవత్సరములు. దేశపు మొదటి జట్టును లార్డ్స్ మైదానమునకు నడిపించిన వ్యక్తియే, 21 ఏండ్ల తరువాత, పూర్వులు విడిచివచ్చిన నేలపై మొదటి జట్టును నడిపించెను. ఆ పిమ్మట ఉత్తరప్రదేశ్ తరఫున 61వ యేట తన చివరి రంజీ పోటీ ఆడి అర్ధశతకము చేసిరి. 1956లో పద్మభూషణ్ బిరుదమును పొందిరి. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూసిరి.

నాయకుడు ఎంతటివాడైనను జట్టు ఒక్కనాట పెరుగదు. ఆంధ్ర జట్టునకు దక్షిణ మండలములో ప్రత్యర్థులు మద్రాసు, మైసూరు, హైదరాబాదు. మూడును పండిన జట్లు. ఆనాటి పద్ధతి ప్రకారము మండలములో ముందు నిలిచినవారికే పైపోటీలకు ప్రవేశము. కావున బలహీనమైన జట్టు ఏటా నాలుగైదు పోటీలు మాత్రమే ఆడి, ఓడి, ఇంటికి పోవలసివచ్చెడిది. ఈత రానివానిని నీటిలో దింపి, రెండు క్షణములలో గట్టుపైకి లాగివేసినచో వానికి ఈత ఎట్లు వచ్చును?

రెండవ చిక్కు రాష్ట్ర పటమువలన వచ్చెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయినను క్రికెట్ పటము మారలేదు. హైదరాబాదు జట్టు హైదరాబాదుదే, ఆంధ్ర జట్టు ఆంధ్రదే. రాజధానిలోని పెద్ద మైదానములు, బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు, వానిలోని క్రీడాకారుల ఉద్యోగములు, అన్నియు హైదరాబాదు జట్టునకు బలమయ్యెను. గులాం అహమ్మద్, జయసింహ, ఆబిద్ అలీ, అజారుద్దీన్ వంటివారిని ఆ జట్టు దేశమునకిచ్చెను. 1986-87లో ఎం.వి. నరసింహారావు నాయకత్వమున మరల రంజీ ట్రోఫీ గెలిచెను. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసి వంగదేశీయులను ఉఱ్ఱూతలూగించిన వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ జట్టువాడే. ఇట కోస్తా ఊళ్లలో మైదానమన్న ఏదో కళాశాల ఆటస్థలము. చదువు ముగిసినంతనే కుఱ్ఱవాడు ఆటను అటకపై పెట్టి ఉద్యోగము వెదకుకొనవలసినదే.

ఉద్యోగమునకు ఆటకు గల ఈ సంబంధము ఖరగ్‌పూరునకు తెలిసినంతగా మరియొక ఊరికి తెలియదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలము నుండియు ఈ ఊరిలో ఆటగానికి కూడు పెట్టెడు ఆచారము కలదు. బిలాస్‌పూరున పుట్టిన లెస్లీ క్లాడియస్ 1946లో ఖరగ్‌పూరు వచ్చినది ఫుట్‌బాల్ ఆడుటకు. 1932 ఒలింపిక్ స్వర్ణపతక విజేత డికీ కార్ ఆయన చేతికి హాకీ కర్ర నిచ్చెను. ఆ చేయి మూడు ఒలింపిక్ స్వర్ణములను, ఒక రజతమును తెచ్చెను. క్రికెట్టులో రైల్వేల జట్టు 1958-59లో రంజీ ట్రోఫీలో ప్రవేశించెను. ఈ జట్టునకు రాష్ట్రము లేదు, భాష లేదు. దేశమంతట పరచుకొన్న ఉద్యోగులే దాని జనము. రెండు పర్యాయములు అంతిమ పోటీలో ఓడిన పిమ్మట, 2001-02లో బరోడాను ఓడించి మొదటిసారి విజేత అయ్యెను. 2004-05లో మరల గెలిచెను. ప్రవేశించిన నాటి నుండి మొదటి విజయమునకు నాలుగు దశాబ్దములకు పైగా పట్టెను. ఓర్పు గల సంస్థ అండనున్న జట్టు ఆలస్యముగానైనను గమ్యము చేరునని ఆంధ్ర జట్టునకు అది యొక పాఠము.

ఆ కాలముననే, 2001లో, రాంచీ నుండి ఒక యువకుడు ఆగ్నేయ రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేరి ఖరగ్‌పూరునకు వచ్చెను. పగలు ప్లాట్‌ఫారముపై విధి నిర్వహణ, మిగిలిన వేళ రైల్వే మైదానమున ఆట. 2003 వరకు ఆయన జీవితమిది. ఆ యువకుడే మహేంద్ర సింగ్ ధోనీ. ఆ యేడు ఏప్రిల్‌లో తూర్పు తీర రైల్వే ఏర్పడువరకు ఖరగ్‌పూరును, వాల్తేరును ఆగ్నేయ రైల్వే అను ఒకే ఇంటి బిడ్డలు. అందుచేతనేమో, 2005 ఏప్రిల్ 5న విశాఖపట్టణపు కొత్త మైదానమున మొట్టమొదటి అంతర్జాతీయ పోటీ జరిగినప్పుడు, ధోనీ పాకిస్తానుపై 123 బంతులలో 148 పరుగులు చేసి దేశమునకు తన్ను తాను పరిచయము చేసికొనెను. ఆయనకు అంతర్జాతీయ క్రికెట్టులో అది మొదటి శతకము. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారమున మొదలైన ప్రయాణమునకు మొదటి పెద్ద మజిలీ తెలుగు గడ్డ అయ్యెను. 2011 ఏప్రిల్ 2న ఆయన నాయకత్వముననే దేశము రెండవమారు ప్రపంచ కప్పు గెలిచెను.

విశాఖ మైదానము ఆంధ్ర జట్టు చరిత్రలోను మలుపే. అప్పటికే అంకురములు పొడసూపియుండెను. జట్టు పుట్టిన 46 ఏండ్లకు, 1999 అక్టోబరులో, గుంటూరు వికెట్‌కీపరు ఎం.ఎస్.కె. ప్రసాద్ భారతదేశము తరఫున టెస్టు ఆడెను. 2004లో ఇంగ్లండు ‘ఎ’ జట్టుపై దక్షిణ మండలము 501 పరుగుల లక్ష్యమును ఛేదించినప్పుడు, విశాఖ యువకుడు వేణుగోపాలరావు అజేయముగా 228 పరుగులు చేసెను. మరుసటి యేడు ఆయన భారత జట్టులో చేరెను. మండల పద్ధతి 2002-03లో పోయి, బలాబలములనుబట్టి విభాగములు ఏర్పడుటతో ఆంధ్ర ఆటగాండ్రకు దక్షిణ మండలపు గోడ తొలగెను. విజయనగరము, కడప, ఒంగోలు, అనంతపురము వంటి జిల్లా పట్టణములలో రంజీ పోటీలు జరుగసాగెను. ఒకప్పుడు రాజకుమారుని ధనము ఊరు దాటి పోయిన విజయనగరమున, ఆయన అన్నకొడుకు పి.వి.జి. రాజుగారి పేర మైదానము వెలసి, ఆ ఊరి పిల్లలకే అందుబాటులోనికి వచ్చెను. 2016 నవంబరులో విశాఖలో మొదటి టెస్టు జరిగెను. ఇంగ్లండుపై భారతదేశము 246 పరుగుల తేడాతో గెలిచెను. ఆ మైదానమున నాయుడుగారి విగ్రహము ప్రతిష్ఠితమైయున్నది.

ఆ పిమ్మట పంట చేతికి రాసాగెను. 2015లో విశాఖ యువకుడు కోన శ్రీకర్ భరత్ గోవాపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో త్రిశతకము చేసిన మొదటి వికెట్‌కీపరుగా పేరొందెను. 2023లో టెస్టు జట్టులో స్థానము పొందెను. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరి 11న సిడ్నీలో, తొడ కండరము పట్టుకొని పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయముగా నిలిచి, అశ్విన్‌తో కలిసి టెస్టును కాపాడెను. 2023లో మధ్యప్రదేశ్‌పై రంజీ క్వార్టర్ ఫైనల్‌లో ముంజేయి విరిగినను, కుడిచేతి ఆటగాడైన ఆయన ఎడమచేతివాటమున నిలిచి ఒంటిచేతితో బ్యాటింగు చేసెను. ఆంధ్ర జట్టు ఆ పోటీలో ఓడెను. అయినను ఓటమిని ఎదుర్కొను తీరు మారినది.

2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో జరిగినది తెలుగువారు చిరకాలము చెప్పుకొనదగినది. విశాఖకు చెందిన నితీశ్ కుమార్ రెడ్డి వయస్సు 21. కుమారుని ఆట కొఱకు తండ్రి ఉద్యోగమును వదలుకొనిన కుటుంబము. ఎనిమిదవ ఆటగానిగా వచ్చి 99 పరుగులకు చేరునప్పటికి తొమ్మిదవ వికెట్టు పడెను. చివరి ఆటగాడు హైదరాబాదు బౌలరు మహమ్మద్ సిరాజ్. కమిన్స్ వేసిన మిగిలిన మూడు బంతులను సిరాజ్ అడ్డుకొనెను. తరువాతి ఓవరులో నితీశ్ శతకము పూర్తిచేసి మోకాలిపై కూర్చుండి, బ్యాటు నిలిపి దానిపై శిరస్త్రాణమును ఉంచెను. ప్రేక్షకులలో తండ్రి కన్నీరు పెట్టుకొనెను. రెండు రాష్ట్రములు, రెండు క్రికెట్ సంఘములు. అయినను ఆ మూడు బంతులసేపు హైదరాబాదు విశాఖకు కాపు కాచెను.

స్త్రీల ఆటయు వెనుకబడలేదు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో కడప జిల్లా స్పిన్నరు శ్రీచరణి కలదు. అదే జట్టులోని రేణుకా సింగ్ ఠాకూర్, ప్రతీకా రావల్, స్నేహ్ రాణా రైల్వే ఉద్యోగినులు. సంస్థ పెట్టిన కూడు వృథా పోదు.

అయినను కథ సుఖాంతమని చెప్పుటకు వీలులేదు. 2024 ఫిబ్రవరిలో ఇందూరులో మధ్యప్రదేశ్‌పై రంజీ క్వార్టర్ ఫైనల్‌లో ఆంధ్ర జట్టు గెలుపునకు 170 పరుగులు కావలసియుండగా 165కే ముగిసెను. నాలుగు పరుగుల తేడాతో ఓటమి. నాయుడుగారు జీవితమును గడిపిన ఊరిలోననే ఆయన నడిపిన జట్టునకు ఆ నాలుగు పరుగులు అందకపోయెను. 1953లో మొదలైన నడకకు అప్పటికి ఏడు దశాబ్దములు నిండెను. రంజీ ట్రోఫీ మాత్రము చేతికి రాలేదు.

ఆ నాటి నాయకుడు రికీ భుయి. ఆ సంవత్సరపు రంజీ పోటీలలో దేశమంతటిలో అత్యధికముగా 902 పరుగులు చేసినవాడు ఆయనయే. భోపాలులో పుట్టి విశాఖలో పెరిగిన బెంగాలీ కుటుంబపు బిడ్డ. తెలుగువారు వంగభూమికి వచ్చి ఖరగ్‌పూరును తమ ఊరు చేసికొనిరి. వారి భాషకు 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము అధికార భాషా ప్రతిపత్తి నిచ్చెను. వంగీయుని బిడ్డ తెలుగుగడ్డకు పోయి ఆంధ్ర జట్టునకు నాయకుడయ్యెను. ఒకప్పుడు తెలుగు నాయకులు ఇతర జట్లను కట్టిరి. నేడు ఆంధ్ర జట్టే ఇతరులను తనవారిని చేసికొనగలిగిన సంస్థగా ఎదిగినది. కప్పు రాకపోయినను ఇది చిన్న విజయము కాదు. ఆ నాలుగు పరుగులు చేయవలసినవారు శ్రీకాకుళపు పల్లెలోనో, కడప మైదానముననో, ఖరగ్‌పూరు రైల్వే క్వార్టర్ల సందులలోనో ఈపాటికే బ్యాటు పట్టియుందురు.